అత్తగారు రాయని పుస్తకం

మా వీధి మలుపులో ఒక బైండింగ్ షాపు ఉంది. దానికి బోర్డు ఉన్నా ఎవరూ చదవరు, జిగురు వాసన పట్టుకుని వచ్చేస్తారు. విశ్వవిద్యాలయంలో పరిశోధనలు చేసేవాళ్లు ఏళ్ల తరబడి పడ్డ కష్టాన్ని కాగితాల కట్టగా చంకలో పెట్టుకుని వస్తారు. నల్లటి గట్టి అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు వేయించుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని పోతారు. అట్టలు వేసే పెద్దాయన్ని నేను అన్నయ్యగారూ అని పిలుస్తాను. ఆయన భార్య నాకు వదిన. వెనక వరండాలో పొయ్యి మీద మైదాపిండి జిగురు ఉడికించేది ఆవిడే. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేస్తుంది. అది విషం కదా, ఆ గిన్నె ఛాయలకు ఇంకెవర్నీ రానివ్వదు. వాళ్లబ్బాయి లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి పగలంతా ఏదో ఒక మేడ మీద ఉంటాడు, లేకపోతే రెండు అంతస్తుల మధ్య ఉంటాడు.

నేను చెప్పబోయేది ఆ ఇంటి కోడలి సంగతి. మా వీధిలో ఆమెను ఆఖరి పేజీల కోడలు అంటారు. ఎంత లావు పుస్తకం తెచ్చి ముందు పెట్టినా మొదటి పేజీ వైపు కన్నెత్తి చూడదు. వెనక నుంచి తెరుస్తుంది. ఆ ఆఖరి పేజీల్లో అంత బ్రహ్మాండం ఏముందో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు. ఒకరోజు వెళ్లి అడిగేశాను.

"పిన్నిగారూ, మీరు మా ఇంట్లోంచి జల్లెడ పట్టుకెళ్లారనుకోండి. అది ఎవరిదని అడిగితే ఏం చెప్తారు?" అంది.

"మీదే అని చెప్తాను. ఇచ్చేస్తాలేవే, పిండి జల్లించడం అవగానే."

"దాని కోసం కాదు లెండి. పుస్తకాలు రాసేవాళ్లు కూడా అక్కడో మాట, ఇక్కడో మాట అరువు తెచ్చుకుంటారు. ఏ మాట ఎవరింట్లోదో ఆఖర్న పేరుపేరునా ఒప్పుకోవాలి. ఎవరు రాశారు, ఏ సంవత్సరం, పుస్తకం పేరేంటి, ఎవరు అచ్చేశారు. వాటినే రిఫరెన్సులంటారు."

"ఓస్, ఇంతేనా?"

"ఇంతేనా అంటారేంటి! ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా అన్నదాని మీదే కొట్టుకు చస్తారు, పిన్నిగారూ."

ఆమె చెప్పింది నిజమే. ఒక శాఖవారికి సంవత్సరం రచయిత పేరు పక్కనే ఉండాలి. ఇంకో శాఖవారికి వాక్యం చివర ఉండాలి. ఒకరికి పుస్తకం పేరు వాలు అక్షరాల్లో కావాలి, మరొకరికి ఆ వాలు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. పేర్లకు బదులు అంకెలు వేసి చదరపు బ్రాకెట్లలో బంధించేవాళ్లు వేరే ఉన్నారు. ఈ పట్టింపులన్నీ ఆమెకు కంఠతా వచ్చు. వచ్చినవాళ్లు "నమస్కారమండీ" అనగానే "ఏ శాఖ?" అని అడుగుతుంది. వాళ్లు జవాబు చెప్పేలోపు సగం చుక్కలు సర్దేస్తుంది.

ఈ విద్య ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది కాదు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, కట్టి పంపిన పుస్తకాలు కొన్ని రెండోరోజే వెనక్కి వచ్చేవి. ఆఖరి పేజీలు పద్ధతిలో లేవని ఆఫీసువాళ్లు ఎర్ర సున్నాలు చుట్టి పంపేవారు. పేజీలు మార్చాలంటే అట్ట చీల్చాలి, కుట్టు విప్పాలి, వీపున అంటించిన గుడ్డ పీకాలి. అన్నయ్యగారు తాను కట్టిన పుస్తకాన్ని తానే కోసేటప్పుడు చూడాలి, కన్నబిడ్డ చెవి కుట్టిస్తున్నట్టు మొహం పక్కకు తిప్పుకునేవారు. ఆరోజు అన్నం దగ్గర కూర్చుని కెలికి లేచిపోయేవారు. కొత్త కోడలు ఆ కెలికిన కంచాన్ని కొన్నాళ్లు చూసింది. తర్వాత ఒక విద్యార్థి దగ్గర నియమాల పుస్తకం అడిగి తీసుకుని, వంటింటి గట్టు మీద పెట్టుకుని చదివేసింది. అప్పట్నుంచి కట్టకముందే ఆఖరి పేజీలు ఆమె చూస్తుంది. పుస్తకాలు తిరిగి రావడం మానేశాయి. ఆ షాపు నుంచి వచ్చిన కట్ట అంటే ఆఫీసువాళ్లు ఆఖరి పేజీలు తిప్పి చూడటం కూడా మానేశారు. కిటికీ పక్కన ఆమెకొక బల్ల, ఒక కంప్యూటరు వెలిశాయి.

"అది నా జిగురు గిన్నె ఆరబెట్టుకునే చోటు" అని వదిన ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

అలాంటి పనిమంతురాలి చేతిలోంచి ఒక్క లైను జారిపోయింది. ఆ లైను మీద ఒక నర్సమ్మ డిగ్రీ వేలాడింది. ఆ కథే ఇది.

ముందు ఆమె పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. పుస్తకాలు రాసేవాళ్లు అన్ని వివరాలూ ఒకేసారి తెచ్చి ఇవ్వరు. ఒకరు సంవత్సరం మరిచిపోతారు, ఒకరు రచయితనే మరిచిపోతారు, "రేపు ఫోన్ చేసి చెప్తానండీ" అని పోతారు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే కంప్యూటరు అక్షర క్రమంలో సర్దేటప్పుడు ఆ లైను ఎక్కడికో కొట్టుకుపోతుంది. అందుకని ఆమె ఆ చోట్లో ఉత్తుత్తి పేరు ఒకటి నిలబెట్టేది. కాపలా పేర్లు అనేది వాటిని. ప్రతి కాపలా పేరు పక్కనా సంవత్సరం ఉండాల్సిన చోట "అడగాలి" అని కొట్టేది. అచ్చుకు ఇచ్చేముందు "అడగాలి" అన్న మాటను వెతికితే కాపలావాళ్లందరూ దొరికిపోతారు. అప్పుడు అసలువాళ్లను కూర్చోబెట్టి వీళ్లను పంపించేసేది.

ఆ కాపలా పేర్లకు ఆమె ఎక్కడికీ వెళ్లేది కాదు, ఇంట్లోవాళ్లే సరిపోయేవారు.

"అత్తగారు (అడగాలి). మూత పెట్టని గిన్నె. వంటింటి ప్రచురణలు."

"మావగారు (అడగాలి). కళ్లజోడు కోసం అన్వేషణ. రెండో ముద్రణ."

"శ్రీవారు (అడగాలి). ఇదిగో వచ్చేస్తున్నా."

ఈ సంగతి నేను కనిపెట్టిన రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఎవరు మాట్లాడటం లేదో నేను ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది. రోజూ పని తెమలగానే వెళ్లి తెర ముందు నిలబడేదాన్ని. ఒకరోజు అలా చదువుతుంటే "ఎదురింటి పిన్నిగారు (అడగాలి). అడక్కుండా చెప్పిన సంగతులు. మూడు సంపుటాలు" అని కనిపించింది.

"మూడేనా?" అన్నాను నడుం మీద చెయ్యి వేసుకుని.

"మిగతావి అచ్చులో ఉన్నాయి, పిన్నిగారూ" అంది, తల ఎత్తకుండా.

వదినకు మాత్రం ఈ విషయం తెలియదు. కంప్యూటరు దగ్గరికి ఆవిడ రాదు. "ఆ వెలుగు చూస్తే నాకు తలనొప్పి" అంటుంది.

ఇక నర్సమ్మ విషయానికి వస్తాను. ఆవిడ ఆస్పత్రి వార్డులో పనిచేస్తూనే, మంచాన పడ్డ ముసలివాళ్ల నిద్ర మీద పరిశోధన చేసింది. ఆవిడ పుస్తకం ఆఫీసులో ఇవ్వాల్సిన రోజున ఈ ఇంట్లో ఒక గొడవ నడుస్తోంది. జిగురు కలిపే గరిటెను ఎవరో శుభ్రంగా తోమి వంట గరిటెల్లో కలిపేశారని వదిన అలిగింది. మైలుతుత్తం తగిలిన గరిటె, అలగడంలో తప్పేమీ లేదు. ఆ అలక చూస్తూ కోడలు నర్సమ్మ పట్టికలో ఒక ఖాళీ దగ్గర "అత్తగారు (అడగాలి). అలిగినవారి నిద్ర. గడప ప్రచురణలు" అని కాపలా పెట్టింది. ఇంతలో నర్సమ్మ వార్డు నుంచి ఫోన్ చేసింది. సంవత్సరం మాత్రం చెప్పి, మిగతావి చెప్పబోతూ "అయ్యో, పేషెంటు పిలుస్తున్నారు, ఉండు" అని పెట్టేసింది. నర్సమ్మ చెప్పిన సంవత్సరాన్ని కోడలు అప్పటికప్పుడు దాని చోట్లో టైపు చేసేసింది. అంటే "అడగాలి" అన్న మాట పోయింది. వెనక వరండా నుంచి మాడు వాసన వచ్చింది. అలిగిన ఆవిడ జిగురు కలపడం మానేసి పడుకుంది మరి. కోడలు పరుగెత్తింది. తిరిగొచ్చి "అడగాలి" అన్న మాట వెతికితే ఒక్కటీ దొరకలేదు. హమ్మయ్య అనుకుని అచ్చుకు పంపింది.

అలా మా వదిన ఒక పుస్తకం రాసేసింది.

నర్సమ్మ గైడు చూశాడు, పరీక్షకులు చూశారు, ఆఫీసువాళ్లు ఆ షాపు కట్టేనని ఆఖరి పేజీలు తిప్పనే లేదు. ముసలివాళ్ల నిద్ర మీద పుస్తకం, అందులో అలిగినవారి నిద్ర అన్న పేరు, చక్కగా అతికిపోయింది. ఎవరికీ అనుమానం రాలేదు. నర్సమ్మకు డిగ్రీ వచ్చింది. ఆ డిగ్రీతో వార్డు డ్యూటీలు తప్పి, నర్సింగు స్కూల్లో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. మా వీధిలో అందరికీ స్వీట్లు పంచింది. మా వదిన కూడా తింది.

కొన్నేళ్లు గడిచాయి. ఒక ఉదయం కళ్లజోడు పెట్టుకున్న లెక్చరరు ఒకాయన తన పుస్తకం పట్టుకుని షాపుకు వచ్చాడు. పెద్దవాళ్ల దినచర్య మీద రాశాడట. నేను మామూలుగానే అక్కడ ఉన్నాను. కోడలు వెనక నుంచి తెరిచి, వేలు పెట్టి ఒక్కో లైనూ చూసుకుంటూ వస్తోంది. వేలు ఒకచోట ఆగిపోయింది. నేను వంగి చూశాను.

"అత్తగారు. అలిగినవారి నిద్ర. గడప ప్రచురణలు."

"ఈ పుస్తకం మీ దగ్గరుందా అండీ?" అని అడిగింది, గొంతు తగ్గించి.

"ఏదీ? ఓ, అదా! చాలా లోతైన పుస్తకమండీ."

"చదివారా?"

"చదవడమంటే... చూశాను."

ఇక నా నోరు ఊరుకోలేదు. "అట్ట ఏ రంగు బాబూ?" అన్నాను.

"ఆకుపచ్చ" అన్నాడు. నా మొహం చూసి, "లేకపోతే నీలం" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నానని కుర్చీలో కూలబడ్డాడు. "నర్సుగారి థీసిస్‌లో చూశానండీ. ఎంత వెతికినా అసలు పుస్తకం దొరకలేదు. ఇంత ముఖ్యమైన పుస్తకం నేను చదవలేదంటే బాగుండదు కదా అని..."

కోడలు అతన్ని ఒక్క మాట అనలేదు. "దొరకదండీ. ఆ పుస్తకం లేదు. అది నేను పుట్టించింది" అంది.

"మరి ఆ రచయిత?"

"వెనక వరండాలో జిగురు కలుపుతున్నారు."

పాపం, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎవరో కలంపేరు పెట్టుకున్న పెద్దాయన అనుకున్నానండీ. ఆయన పరిశీలన గురించి ఒక పేరా రాశాను. జీవితాన్ని కాచి వడపోసిన మనిషి అని పొగిడాను" అన్నాడు.

"అందులో మాత్రం అబద్ధం లేదులే" అన్నాను నేను.

లెక్చరరు వెళ్లిపోయాక నాకు తోచిన సలహా నేను ఇచ్చాను. "అతని పట్టికలోంచి ఆ లైను లేపేసెయ్. అతను ఎవరికీ చెప్పుకోలేడు. నువ్వూ నేనూ చెప్పం. నర్సమ్మ హాయిగా పాఠాలు చెప్పుకుంటుంది."

"మీరు చెప్పరా, పిన్నిగారూ?"

"చెప్పనే! ఒట్టు!"

ఆ పిల్ల నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. మర్యాదగానే చూసింది. "మీ సంగతి అలా ఉంచండి. ఈయన ఒక్కడే చూసి రాశాడని ఏముంది? ఇంకెంతమంది రాశారో. రేపు ఎవరో ఒకరు ఈ పుస్తకం కోసం గట్టిగా వెతుకుతారు. దొరకదు. అప్పుడు పట్టుబడేది నర్సక్క. దొంగ పుస్తకం పెట్టి డిగ్రీ తెచ్చుకుందంటారు. డిగ్రీ తీసేస్తే ఆ ఉద్యోగం ఉంటుందా? ఎవరో బయటపెట్టేలోపు మేమే వెళ్లి చెప్పాలి" అంది. అని చెప్పులు వేసుకుంది. ఒంటరిగా వెళ్తే ధైర్యం చాలదేమో అని నేనూ వేసుకున్నాను. ఆమె రమ్మనలేదు, వద్దనీ అనలేదు.

నర్సింగు స్కూల్లో నర్సమ్మ పిల్లలకు పక్క వెయ్యడం నేర్పుతోంది. మంచం మీద రబ్బరు మనిషిని పడుకోబెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి దుప్పటి మార్చి చూపిస్తోంది. పిల్లలు వెళ్లిపోయాక కోడలు ఉన్నదున్నట్టు చెప్పేసింది. నర్సమ్మ ఆ మంచం అంచునే, రబ్బరు మనిషి కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

"నా పుస్తకంలోనా? మీ ఇంట్లో అలకలకి నా డిగ్రీయే దొరికిందా?"

"తప్పు నాదే, అక్కా."

"తప్పు నీదైతే ఏం లాభం? అట్ట మీద ఉన్న పేరు నాది! నాకు వార్డుల్లో పరుగెత్తీ పరుగెత్తీ మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడిప్పుడే కూర్చుని పనిచేసుకుంటున్నాను. ఇది పోతే మళ్లీ ఆ మెట్లేగా!"

కోడలు కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది కానీ తల దించుకోలేదు. "ఆ చోట మీరు రాసిన మాట ఏదో గుర్తుందా? మనసు నొచ్చుకున్న వృద్ధులు మిగతావారికన్నా ఆలస్యంగా నిద్రపోతారని రాశారు. అది ఎందులోదో దొరికితే తప్పు పేరులో ఉన్నట్టు అవుతుంది. దొరక్కపోతేనే ఆ మాట కూడా పుట్టించిందే అంటారు."

నర్సమ్మ చాలాసేపు నుదురు రుద్దుకుంది. "నేను నిలబడి చదివాను ఆ పుస్తకం. కూర్చోవడానికి కుర్చీ లేదు. పాత ఆస్పత్రి లైబ్రరీ గది... ఎర్ర అట్ట... ఇద్దరు డాక్టర్లు కలిసి రాశారు. ఇంతకన్నా గుర్తురావట్లేదు."

ముగ్గురం పాత ఆస్పత్రికి వెళ్లాం. లైబ్రరీ అంటే కింది అంతస్తులో ఒక చెమ్మగిల్లిన గది. అక్కడి ఉద్యోగి, తాళంచెవి ఎక్కడ పెట్టాడో తానే మరిచిపోయేంత తీరిక ఉన్న మనిషి. అల్మారాలన్నీ తెరిచాం. ఎర్ర అట్టలు కుప్పలుగా ఉన్నాయి. ఎముకల మీద ఉన్నాయి, పళ్ల మీద ఉన్నాయి, పురుళ్ల మీద ఉన్నాయి. నిద్ర మీద ఒక్కటీ లేదు. నర్సమ్మ మొహంలో రంగు ఒక్కో అల్మారాకూ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. నేను అలిసిపోయి బల్లకు ఆనుకున్నాను. అది ఊగలేదు.

ప్రభుత్వ గదిలో ఊగని బల్లను నేనింతవరకూ చూడలేదు. వంగి చూశాను. ఒక కాలి కింద ఎర్రటి పుస్తకం ఉంది.

"అది తీయకండమ్మా, బల్ల ఊగుతుంది!" అన్నాడు ఉద్యోగి.

"ఊగనీ, నాయనా" అన్నాను.

కోడలు, నర్సమ్మ బల్ల ఎత్తి పట్టుకున్నారు, నేను లాగాను. ముసలివాళ్ల సేవ గురించి ఇద్దరు డాక్టర్లు రాసిన పుస్తకమే అది. అట్ట మీద బల్లకాలి గుంట పడింది తప్ప లోపల చెక్కుచెదరలేదు. నర్సమ్మ పక్కన నిలబడి చూస్తుంటే పేజీలు తిప్పింది కోడలు. ఆ పిల్ల పుస్తకాన్ని ముందు నుంచి చదవడం నేను చూసింది అప్పుడే. ఒక పేజీ దగ్గర ఆగి, వేలు పెట్టి, పైకి చదివింది. మాట మాటకీ అదే. మనసు నొచ్చుకున్నవారు ఆలస్యంగా నిద్రపోతారు.

నర్సమ్మ బల్ల మీద తల పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. బల్ల మాత్రం ఊగింది.

మర్నాడు వాళ్లిద్దరూ ఆ పుస్తకం పట్టుకుని విశ్వవిద్యాలయం ఆఫీసుకు వెళ్లారు. నేను గుమ్మం దాకా వెళ్లి, తలుపు సందులోంచి విన్నాను. లోపలున్న ఆఫీసరమ్మ కోడలి మాట మొత్తం విని, పుస్తకంలోని పేజీ చూసి, రిటైరైన గైడుగారికి ఫోన్ కలిపింది. ఆయన గొంతు నాక్కూడా వినపడింది. "నేనూ సంతకం పెట్టాను కదమ్మా! అత్తగారు అన్న రచయితను నేనే పట్టుకోలేకపోతే ఆ అమ్మాయిని ఏమంటాం?" అన్నాడు. చివరికి తేల్చింది ఇదీ: అసలు మాటకు అసలు ఆధారం ఉంది కాబట్టి డిగ్రీకి వచ్చిన ముప్పేమీ లేదు. తప్పును దిద్దుతూ ఒక సవరణ చీటీ అచ్చువేసి, ఉన్న కాపీలన్నిటికీ అంటించాలి. నర్సమ్మ మెట్లు దిగుతూ మోకాళ్ల నొప్పి మాటే మరిచిపోయింది.

ఆఫీసరమ్మ కోడలిని వెనక్కి పిలిచింది. "ఇకమీద మీ షాపు నుంచి వచ్చినవి కూడా అందరివాటిలాగే ప్రతి లైనూ చూస్తాం. ఏమీ అనుకోకండి" అంది.

"చూడాలండీ" అంది కోడలు. బయటకు వచ్చాక చాలాదూరం ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు, అది నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లకు తెలుసు.

ఇక మిగిలింది చీటీ అంటించడం. అంటించాలంటే జిగురు కావాలి. జిగురు కావాలంటే వదిన కావాలి.

అన్నయ్యగారు అచ్చయిన చీటీలను వరండాలో ఆరబెట్టారు. వదిన కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒకటి తీసి, దూరంగా పట్టుకుని, కూడబలుక్కుని చదివింది.

"ఆధారాల పట్టికలో... అత్తగారు అని ఉన్నచోట... ఏ అత్తగారే?"

"మీరే, అత్తయ్యా."

"నేనా? నేను పుస్తకంలో ఉన్నానా? ఎక్కడుందా పుస్తకం?"

"విశ్వవిద్యాలయం లైబ్రరీలో."

"ఎప్పట్నుంచి?"

"నర్సక్క డిగ్రీ అయినప్పట్నుంచి."

ఇప్పుడు కోడలిని చీల్చి చెండాడుతుందని అనుకున్నాను. వదిన చీటీని గుండెలకు ఆనించుకుంది. "ఇన్నేళ్ల నుంచి నేను లైబ్రరీలో ఉంటే నాకు ఒక్కరూ చెప్పలేదా? ఇప్పుడు చెప్తున్నారా, తీసేసేటప్పుడు?"

"అది పొరపాటున పడిందే" అన్నారు అన్నయ్యగారు.

"మీకెప్పుడూ అంతే! ఊళ్లోవాళ్ల పేర్లన్నీ బంగారు అక్షరాలతో కొడతారు. నా పేరు ఒక్కచోట పడితే అది పొరపాటా? వదినా, నువ్వు చెప్పు, ఇది న్యాయమేనా?" అంది నావైపు తిరిగి.

నేను వంగి ఆరబెట్టిన చీటీలు సర్దడం మొదలుపెట్టాను.

వదిన పొయ్యి ఆపేసి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. జిగురు లేదు, చీటీలు అంటవు, ఆఫీసు పెట్టిన గడువు మాత్రం ఉంది. చీటీ అంటకపోతే నర్సమ్మ డిగ్రీ సంగతి మళ్లీ మొదటికే వస్తుంది. కోడలు వెళ్లి మంచం పక్కన నేల మీద కూర్చుంది. నేను గుమ్మంలో చీర మడతలు సర్దుకుంటూ నిలబడ్డాను.

"అత్తయ్యా, మీ మీద కోపం వచ్చినప్పుడల్లా ఆ పేర్లు రాసుకునేదాన్ని. నోటితో అనలేక. తప్పయింది."

"కోపం వచ్చిందని అను. నోరుంది కదా" అంది వదిన గోడతో.

"ఇకమీద అంటాను."

"మరీ రోజూ అనకు." దుప్పటి పైకి లాక్కుంది. "ఇంతకీ నేనేం రాశానని రాశావ్?"

"అలిగినవాళ్లు ఆలస్యంగా నిద్రపోతారని."

వదిన గభాలున ఇటు తిరిగి లేచి కూర్చుంది. "ఏంటీ? నేనా అలా అన్నాను? శుద్ధ అబద్ధం! అలిగితే నాకు పడుకున్న నిమిషంలో నిద్ర పడుతుంది. రాత్రంతా మేలుకుని దొర్లేది మీ మావగారు. కావాలంటే అడుగు."

వరండాలోంచి అన్నయ్యగారి దగ్గు వినిపించింది. కాదని మాత్రం అనలేదు.

"ముప్పై ఊళ్లవాళ్లు చదివే చోట, నా పేరు పెట్టి, నేను అనని మాట రాస్తారా? లే, లే. ఆ చీటీ ఇప్పుడే అంటించాలి. గిన్నె ఎక్కడ?" అంటూ కొంగు బిగించి పొయ్యి దగ్గరికి నడిచింది. అంత నున్నటి జిగురు ఆవిడ చేతిలో అంతకుముందు ఎప్పుడూ కుదరలేదు.

లైబ్రరీకి కూడా తానే వస్తానంది. గిన్నెకు మూత పెట్టి, గుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లైబ్రరీవాళ్లు నర్సమ్మ పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. వదిన ముందు ఆఖరి పేజీలు తీయించుకుంది. కోడలు వేలు పెట్టి చూపించింది. తన పేరుకు పైన ఒక డాక్టరు, కింద ఒక ప్రొఫెసరు ఉన్నారు. వదిన ఆ ఇద్దరి పేర్లూ చదివి, మధ్యలో ఉన్న తనను చూసుకుని, తల ఒకవైపు వంచింది.

"దీని మీదేనా అంటించేది?"

"కాదు, అత్తయ్యా. సవరణ చీటీ ఎప్పుడూ ముందు పేజీ దగ్గరే అంటిస్తారు. తప్పు తప్పుగానే ఉంటుంది, ఒప్పు ముందు చదువుకుంటారు."

"అయితే ఇది ఇలాగే ఉంటుందా?"

"ఉంటుంది."

వదిన మొదటి పేజీ తీసి, చీటీ అంచుకు సన్నగా జిగురు రాసి, వంకర లేకుండా పెట్టి, అరచేత్తో నొక్కి పట్టుకుంది. చీటీ చివర "ఈ పొరపాటు పట్టిక తయారుచేసినవారిది" అని ఒక వాక్యం ఉంది. ఆఫీసు అడగకపోయినా కోడలు వేయించింది అది. వదిన వేలు దాని మీదికి వచ్చి ఒక్క క్షణం ఆగింది.

పక్కనే ఆ పుస్తకం కోసం ఎదురుచూస్తున్న పరిశోధక విద్యార్థిని ఒకామె ఉంది. "అయిపోయిందా అండీ?" అని అడిగింది.

"ఆరనీ, తల్లీ. తడి మీద మూస్తే పేజీలు అతుక్కుపోతాయి."

ఆ అమ్మాయి మెడ సాచి చీటీ చదివింది. "ఈ అత్తగారు ఎవరండీ?"

కోడలు తల వంచుకుంది. నేను చెప్పడానికి నోరు తెరిచాను. వదిన మోచేత్తో నన్ను పొడిచి, చీటీ మీద నుంచి చెయ్యి తీయకుండానే చెప్పింది.

"మా కోడలి అత్తగారమ్మా. ఆవిడ అలా అనలేదు."